టిక్కా టీ3ఎక్స్ లైట్, 6.5 క్రీడ్‌మూర్: అయిదు రకాల డబ్బా తూటాలతో ఒక వేసవి

రెండేళ్ళ కిందట డిసెంబర్‌లో నేను ఒక జింకను సరిగ్గా కొట్టలేకపోయాను. ఈ రైఫిల్ కొన్నది, ఈ రివ్యూ రాస్తున్నది అందుకే. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

అప్పుడు నా దగ్గర ఉన్నది వేరే రైఫిల్, .308 విన్‌చెస్టర్ అనే కొలత తూటాలు కాల్చేది. ఆగస్టులో రేంజ్‌కి వెళ్ళి ఒక కంపెనీ 150 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువుకి వాడే కొలత) తూటాలతో గురి సరిచేసుకున్నాను. సీజన్ మధ్యలో ఆ డబ్బా అయిపోయింది. మా ఊళ్ళో ఏ షాపులోనూ మళ్ళీ అవి దొరకలేదు. ఇంకో కంపెనీవి, అవీ 150 గ్రెయిన్లే, ఉంటే తెచ్చుకున్నాను. బరువు ఒకటే కదా, తేడా ఏముంటుందిలే అనుకున్నాను. టెక్సస్‌లో లానో దగ్గర నలుగురం కలిసి లీజుకి తీసుకున్న రాంచ్ అది. సాయంత్రం అయిదింటికి, సుమారు 180 గజాల దూరంలో, కుడివైపు తిరిగి నిలబడ్డ ఆడ జింక. భుజం వెనక గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాను. బుల్లెట్ కడుపులో తగిలింది. రాత్రి పదకొండు దాకా టార్చ్ లైట్లతో నెత్తుటి చుక్కలు చూసుకుంటూ వెతికాం. తెల్లారాక మెస్క్వీట్ పొదల్లో దొరికింది. మెస్క్వీట్ అంటే మన సర్కారు తుమ్మకి దాయాది. అదే ముల్లు, అదే నీడ. మాంసం పనికిరాకుండా పోయింది.

తర్వాతి శనివారం ఆ డబ్బాలో మిగిలిన తూటాలతో 100 గజాల దగ్గర కాగితం మీద కొట్టి చూశాను. గురిపెట్టిన చోటికి మూడు అంగుళాలు కింద, రెండు అంగుళాలు ఎడమగా పడుతున్నాయి. 180 గజాలకి అది అయిదు అంగుళాల పైన కిందికి, మూడున్నర ఎడమకి. కుడివైపు తిరిగిన జింకకి ఎడమ అంటే తోకవైపు.

మా నాన్నకి ఫోన్‌లో చెప్పాను. మాది మార్కాపురం వైపు, నల్లమల అంచు. పంట చేతికొచ్చే రోజుల్లో అడవిపందులు వేరుశనగ చేను తవ్విపోకుండా నాన్న మంచె మీద పడుకునేవాడు. డబ్బా మోగించి, కేకలేసి తోలడమే తప్ప వాటి మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు. అంతా విని, "నోరులేని జీవం రా. కొడితే ఒక్క దెబ్బకి పోవాల. లేకపోతే కొట్టబాక" అన్నాడు. ఆ మాట నాలో అలాగే ఉండిపోయింది.

అందుకే ఈసారి రైఫిల్ మార్చినప్పుడు తూటాల సంగతి కూడా పూర్తిగా తేల్చుకోవాలని నిర్ణయించుకున్నాను. నేను ఇంట్లో తూటాలు తయారుచేసుకోను (తూటా అంటే ఇత్తడి గుల్ల, లోపలి మందు, ముందుండే బుల్లెట్ అన్నీ కలిపి). ఆ పనికి కావలసిన టైమూ లేదు, చిన్న పిల్లలున్న ఇంట్లో మందుపొడి పెట్టుకోవడం నాకు ఇష్టమూ లేదు. షాపులో దొరికే డబ్బా తూటాలతోనే పని జరగాలి. నాలాంటి వాళ్ళకే ఇది రాస్తున్నాను.

రైఫిల్ టిక్కా టీ3ఎక్స్ లైట్. ఫిన్లాండ్‌లో రీహిమాకి అనే ఊళ్ళో సాకో కంపెనీ తయారుచేస్తుంది. పాత టీ3 మోడల్ 2003లో వచ్చింది, దాన్ని సవరించి 2016లో టీ3ఎక్స్ తెచ్చారు. పాతదాంట్లో అల్యూమినియంతో ఉన్న రికాయిల్ లగ్‌ని (పేలినప్పటి తన్నుడుని స్టాక్‌కి అందించే దిమ్మని) ఇందులో స్టీలుతో చేశారు. బ్యారెల్‌ని కోల్డ్ హ్యామర్ ఫోర్జింగ్ పద్ధతిలో చేస్తారు. అంటే లోపల మరలు చెక్కిన కడ్డీ పెట్టి, బయటి నుంచి సుత్తులతో కొట్టి గొట్టాన్ని దాని మీదికి అదుముతారు. నా దాని బ్యారెల్ 24 అంగుళాల పైచిలుకు, స్కోప్ లేకుండా రైఫిల్ మొత్తం మూడు కిలోల లోపే. నేను కొన్నప్పుడు ధర ఏడెనిమిది వందల డాలర్ల మధ్య ఉంది. ఆ ధరలో ఇంత నున్నగా నడిచే బోల్ట్ (తూటాని బ్యారెల్‌లోకి తోసి మూసే కడ్డీ) నేనింకెక్కడా పట్టుకోలేదు. ఒక వేలితో వెనక్కి లాగితే వచ్చేస్తుంది. ట్రిగ్గర్ బరువు మనమే సరిచేసుకోవచ్చు. నేను మూడు పౌండ్లకి కొంచెం తక్కువ పెట్టుకున్నాను. ఎక్కడా గీసుకోకుండా గాజుకడ్డీ విరిగినట్టు తెగుతుంది.

6.5 క్రీడ్‌మూర్ అనే తూటా కొలత ఎందుకంటే, భుజానికి దెబ్బ తక్కువ. 2007లో హార్నడీ కంపెనీ దీన్ని తెచ్చింది, దూరపు టార్గెట్ పోటీల కోసం. సన్నగా పొడుగ్గా ఉండే బుల్లెట్లు గాలిని బాగా చీల్చుకుపోతాయి. అలాంటి పొడుగు బుల్లెట్ నిలకడగా తిరగాలంటే బ్యారెల్‌లో మరలు బిగుతుగా ఉండాలి. ఇందులో ప్రతి 8 అంగుళాలకి ఒక చుట్టు. .308 తన్నుడుకి నాకు తెలియకుండానే కళ్ళు మూసుకునే అలవాటు పట్టింది. దీంతో అది పోయింది. గురి కుదరడంలో ఈ ఒక్క మార్పుకే చాలా భాగం ఇస్తాను.

ఇక అసలు విషయం. ఫ్యాక్టరీ తూటాలతోనే, మూడు తూటాల గ్రూప్ ఒక ఎమ్ఓఏ లోపల పడుతుందని టిక్కా హామీ ఇస్తుంది. ఎమ్ఓఏ అంటే మినిట్ ఆఫ్ యాంగిల్, ఒక డిగ్రీలో 60వ వంతు. 100 గజాల దగ్గర అది 1.047 అంగుళాలు, వాడుకలో అంగుళమనే అంటాం. 200 గజాలకి రెండు, 300కి మూడు. గ్రూప్ అంటే ఒకే చోట గురిపెట్టి కొట్టినప్పుడు దూరదూరంగా పడ్డ రెండు చిల్లుల కేంద్రాల మధ్య కొలత.

జూన్ నుంచి ఆగస్టు దాకా ఏడు శనివారాలు పొద్దున్నే రేంజ్‌కి వెళ్ళాను. ఎనిమిదిన్నర దాటితే టెక్సస్ ఎండకి బ్యారెల్ మీద నుంచి వేడి గాలి లేచి స్కోప్‌లో టార్గెట్ ఈదుతున్నట్టు కనిపిస్తుంది. ముందు ఇసుక సంచి, వెనక ఇసుక సంచి, 100 గజాలు, 3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపే లూపోల్డ్ స్కోప్ తొమ్మిదిలో పెట్టి. తూటాలు అయిదు రకాలు. ఒక్కో రకంతో అయిదేసి తూటాల గ్రూపులు నాలుగు. ప్రతి గ్రూప్ తర్వాత బ్యారెల్ చేతికి చల్లగా తగిలేదాకా ఆగాను. ఈ రైఫిల్ బ్యారెల్ సన్నం కాబట్టి ఒక్కోసారి అరగంట పట్టేది. ఫ్లాస్కులో కాఫీ, పక్క బెంచీ పెద్దాయనతో కబుర్లు. ఆయన వయసు 70 దాటింది, 1906లో పుట్టిన .30-06 తప్ప ఇంకో తూటా ముట్టుకోడు. "నీ తూటాని మార్చకు, నువ్వే దానికి అలవాటుపడు" అన్నాడు నాతో.

మొదటి శనివారమే ఒక పాఠం. ప్రాక్టీసు కోసమని చవకలో తెచ్చిన డబ్బా అది, బుల్లెట్ మొత్తం రాగిపూతతో మూసి ఉంటుంది. కంపెనీ పేరు చెప్పను. మొదటి మూడు తూటాలు 0.6 అంగుళంలో పడ్డాయి. మూడు చిల్లులూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఫోన్ తీసి ఫొటో తీసుకున్నాను కూడా. నాలుగోది పైకి, అయిదోది కుడికి. గ్రూప్ 2.4 అంగుళాలైంది. తర్వాత మూడు గ్రూపులూ దాదాపు అంతే. నాలుగింటి సగటు 2.3.

నేను ఆ మొదటి మూడింటి దగ్గరే ఆగిపోయి ఉంటే? ఆ డబ్బానే అద్భుతమని నమ్మి అడవికి పట్టుకెళ్ళి ఉండేవాణ్ణి. దీని వెనక లెక్క ఉంది. తూటాలు మధ్య బిందువు చుట్టూ చెదిరి పడతాయి కాబట్టి, ఎన్ని కొడితే అంత దూరంగా పడేది ఏదో ఒకటి బయటపడే అవకాశం పెరుగుతుంది. అదే రైఫిల్, అదే తూటా అయినా మూడు తూటాల గ్రూప్ సగటున ఒక అంగుళం ఉంటే, అయిదు తూటాలది అంగుళంపావు దాటుతుంది, పది తూటాలది దాదాపు 1.6 అంగుళాలవుతుంది. రైఫిల్ పాడవలేదు, తూటాలు మారలేదు. ఎక్కువ చూశాం కాబట్టి ఎక్కువ నిజం కనబడింది, అంతే. అందుకే "నా రైఫిల్ అర అంగుళం కొడుతుంది" అని ఎవరైనా ఫొటో చూపిస్తే, ఎన్ని తూటాలు, ఎన్ని గ్రూపులు అని అడగండి. కంపెనీ హామీని కూడా ఈ లెక్కతోనే చదువుకోవాలి.

రెండో రకం ఫెడరల్ ఫ్యూజన్, 140 గ్రెయిన్లు. మెత్తని ముక్కున్న వేట బుల్లెట్. సగటు 1.15 అంగుళాలు. నాలుగు గ్రూపులూ ఒకదానికొకటి దగ్గరగా వచ్చాయి, ఏదీ 1.4 దాటలేదు. నేను పరీక్షించిన వేట తూటాల్లో చవకైనది ఇదే. ఎవరైనా కొత్తగా మొదలుపెడుతూ "ఒక్కటి చెప్పు" అంటే దీన్నే చెబుతాను.

మూడోది సీసం లేని, మొత్తం రాగితో చేసిన ఖరీదైన బుల్లెట్. దీని మీద ఆశ పెట్టుకున్నాను, ఎందుకంటే మాంసం పిల్లలు కూడా తింటారు, అందులో సీసం తునకలు పడకూడదు. కానీ ఈ బ్యారెల్‌కి అది పడలేదు. సగటు 1.7. పైగా ఫ్యూజన్ పడే చోటికి రెండు అంగుళాలు కిందగా పడింది. నా లీజు భాగస్వామి రైఫిల్‌లో ఇదే డబ్బాలోని తూటాలు ఒక అంగుళంలో పడ్డాయి. తప్పు తూటాదీ కాదు, రైఫిల్‌దీ కాదు. ఇత్తడి గుల్ల నుంచి బయల్దేరిన బుల్లెట్ బ్యారెల్ మరల్ని అందుకునే ముందు కొంచెం ఖాళీ దాటాలి. పేలగానే బ్యారెల్ సన్నగా కంపిస్తుంది, ఆ కంపనంలో ఏ క్షణాన బుల్లెట్ మూతి దాటిందన్నది మందుని బట్టి, బుల్లెట్ పొడుగుని బట్టి, గొట్టాన్ని బట్టి మారుతుంది. ఇంట్లో తయారుచేసుకునేవాళ్ళు ఆ ఖాళీని, మందుని తమ రైఫిల్‌కి తగ్గట్టు సరిచేసుకుంటారు. ఫ్యాక్టరీ మాత్రం ఆ కొలతలో ఉన్న ప్రతి రైఫిల్‌లోనూ దూరేలా, సురక్షితంగా పేలేలా చెయ్యాలి. కాబట్టి మనం చెయ్యగలిగింది డబ్బాలు మార్చి చూడటమే.

నాలుగోది హార్నడీ ఈఎల్‌డీ మ్యాచ్, 140 గ్రెయిన్లు. టార్గెట్ తూటా. ఇదే అన్నిటికంటే బాగా పడింది. సగటు 0.8 అంగుళాలు, ఒక గ్రూప్ 0.55. రైఫిల్ సత్తా ఏమిటో ఇది చూపించింది. కానీ నేను దీన్ని వేటకి తీసుకెళ్ళను. కాగితం మీద గురి కోసం చేసిన బుల్లెట్ అది, ఒంట్లో ఎలా విచ్చుకుంటుందో భరోసా లేదు. వేటకి వేట బుల్లెట్టే. 0.8కీ 1.1కీ మధ్య తేడా జింకకి తెలియదు. బుల్లెట్ విచ్చుకోకుండా సూదిలా దూరిపోతే మాత్రం తెలుస్తుంది.

అయిదోది నేను ఎంచుకున్నది, హార్నడీ ప్రెసిషన్ హంటర్. అందులో ఈఎల్‌డీ-ఎక్స్ అనే 143 గ్రెయిన్ల వేట బుల్లెట్. నాలుగు గ్రూపుల సగటు 0.95, అన్నిటికంటే పెద్దది 1.25. డబ్బా మీద వేగం సెకనుకి 2,700 అడుగులని ఉంటుంది. క్రోనోగ్రాఫ్‌తో నా రైఫిల్‌లో కొలిస్తే సగటు 2,670 దగ్గర వచ్చింది. 20 తూటాల డబ్బా నలభై డాలర్లు దాటింది. చవక కాదు. అయితే ఏడాదికి వేటలో నేను కాల్చేది మహా అయితే నాలుగు తూటాలు.

వేగం గురించి ఇంకో మాట. తూటాకీ తూటాకీ వేగం కొంచెం మారుతూనే ఉంటుంది. 100 గజాల కాగితం మీద ఆ తేడా కనిపించదు. 400 గజాలకి వెళ్ళేసరికి నెమ్మదిగా వెళ్ళినది కిందికి, వేగంగా వెళ్ళినది పైకి పడి గ్రూప్ నిలువుగా సాగుతుంది. 100 గజాల దగ్గర అంగుళం కొట్టింది కాబట్టి 400 దగ్గర నాలుగే కొడుతుందని అనుకోకూడదు. నేను నాకు గీసుకున్న హద్దు 250 గజాలు. గురి 200కి సరిచేసి పెట్టాను. అప్పుడు 100 దగ్గర రెండు అంగుళాల లోపు పైకి, 300 దగ్గర ఏడెనిమిది అంగుళాలు కిందికి పడుతుంది.

మీరు అడగొచ్చు, జింక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు ఎనిమిది అంగుళాల పళ్ళెమంత ఉంటుంది కదా, 200 గజాల దగ్గర రెండు ఎమ్ఓఏ రైఫిల్ అయినా నాలుగు అంగుళాల్లోనే కొడుతుంది, ఇంత తాపత్రయం ఎందుకని. నిజమే, రైఫిల్ ఒక్కటే లెక్కలోకి వస్తే అది చాలు. కానీ అడవిలో ఇసుక సంచులు ఉండవు. గుండె దడదడలాడుతుంది, చెట్టు కొమ్మ ఆసరా కదులుతుంది, గాలి వీస్తుంది, 200 అనుకున్నది 230 అవుతుంది. ఈ తప్పులన్నీ రైఫిల్ తప్పు మీద చేరతాయి. ఇంకోటి, గురి సరిచేసుకునేది కూడా గ్రూప్ మధ్య బిందువుని చూసే కదా. గ్రూప్ 2.3 అంగుళాలు ఉన్న తూటాతో మూడే కొట్టి స్కోప్ తిప్పితే, మనం మధ్య అనుకున్నది అసలు మధ్యకి ఎంతో పక్కన ఉండొచ్చు. ఆ తప్పు సీజన్ అంతా మనతో వస్తుంది.

వేటలో లెక్కకొచ్చేది మొదటి తూటా, అదీ చల్లటి బ్యారెల్ నుంచి. అందుకే సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో పది వేర్వేరు పొద్దులు రేంజ్‌కి వెళ్ళి, వెళ్ళగానే ఒక్క తూటా ఒకే కాగితం మీద కొట్టి, కాగితం మడిచి దాచాను. మరుసటిసారి మళ్ళీ అదే కాగితం. పది చిల్లులూ కలిపి 1.4 అంగుళాలు. పది వేర్వేరు రోజులు, వేర్వేరు ఎండలు, వేర్వేరు మనసులు. ఈ రైఫిల్ గురించి నా దగ్గరున్న అన్ని అంకెల్లో నేను నమ్మేది ఇదే. ఆ కాగితం గరాజ్ గోడకి అంటించాను.

రైఫిల్‌లో నచ్చనివీ ఉన్నాయి. మ్యాగజైన్‌లో మూడే తూటాలు పడతాయి. ఇంకో మ్యాగజైన్ కొనాలంటే ప్లాస్టిక్ ముక్కకి ఇంతా అనిపించే ధర. భుజానికి ఆనించే ప్లాస్టిక్ స్టాక్ లోపల బోలు, మోచెయ్యి తగిలితే డొల్లగా మోగుతుంది, నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట అది ఇబ్బందే. బ్యారెల్ సన్నం కాబట్టి వరసగా పదిహేను కాల్చి గ్రూప్ చూడాలనుకునేవాళ్ళకి ఇది కాదు. వాళ్ళు బరువు బ్యారెల్ ఉన్న మోడల్ చూసుకోవాలి. నా మట్టుకు రాళ్ళ గుట్టల మీద మూడు మైళ్ళు నడిచినప్పుడు ఆ తేలికదనం విలువ తెలిసింది.

కొనే ముందు మన వాళ్ళు ఒకటి గమనించాలి. హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళకి అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ ఉండకూడదు. వేట లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. నేను గ్రీన్‌కార్డ్ వచ్చాకే కొన్నాను. మీ పరిస్థితి లాయర్‌ని అడిగే ముందుకెళ్ళండి. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి. ఏ వయసువాళ్ళయినా చెయ్యండి, బాగుంటుంది.

నవంబర్ రెండో శనివారం, అదే రాంచ్. పొద్దున ఏడుంబావుకి 165 గజాల దగ్గర ఆడ జింక పక్కకి తిరిగి ఆగింది. ఈసారి కర్ర స్టాండ్ మీద రైఫిల్ ఆనించి, సగం ఊపిరి వదిలి, నొక్కాను. ఇరవై అడుగులు నడిచి పడిపోయింది. దగ్గరికి వెళ్ళేసరికి కదలిక లేదు. ఆ సాయంత్రం నాన్నకి ఫోన్ చేస్తే ఆయన అడిగింది ఒకటే, "బాధపడిందా?" లేదని చెప్పగలిగాను.

ఆగస్టులో తూటా తేల్చుకోగానే అదే లాట్ నంబర్ ఉన్న డబ్బాలు ఎనిమిది ఒకేసారి కొన్నాను. ఒకే కంపెనీ, ఒకే పేరు అయినా లాట్ మారితే లోపలి మందు బ్యాచ్ మారుతుంది, తూటా పడే చోటు కొంచెం జరగొచ్చు. లాట్ నంబర్ డబ్బా పక్క అట్ట మీద గానీ లోపలి మూత మీద గానీ అచ్చు వేసి ఉంటుంది. దాన్ని టేపు మీద రాసి స్టాక్ కింద అంటించాను. గురి స్థిరపరచడానికి, ఆ పది పొద్దుల పరీక్షకి, వేటకి కలిపి రెండు డబ్బాలు అయ్యాయి. ఆరు మిగిలాయి. అవి అయిపోయాక కొత్త లాట్ తెస్తే మళ్ళీ ఇసుక సంచులు, మళ్ళీ కాగితం.